ఇల్లలకగానే పండగ కాదు, మీట నొక్కగానే రసీదు కాదు

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటంలో మా పక్క వీధి వదినగారు తన ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. "కరెంటు మీటరు పేరు మార్పుకి దరఖాస్తు నేనే పెట్టాను. నంబరు వచ్చింది. జాగ్రత్తగా ఫోటో తీసుకున్నాను చూడు" అన్నారు. చూశాను. కంప్యూటర్ తెరకి ఫోన్ ఎదురుగా పెట్టి తీసిన ఫోటో. తెర నిండా అడ్డదిడ్డంగా చారలు. పై మూల ట్యూబులైటు మెరుపు. మధ్యలో నైటీ మీద టవలు వేసుకుని ఫోన్ పట్టుకున్న వదినగారి నీడ. దరఖాస్తు నంబరులో చివరి నాలుగు అంకెలూ సరిగ్గా ఆ ట్యూబులైటు కింద పడ్డాయి. అది మూడో ఎనిమిదో ఆవిడకే తెలియడం లేదు.

"కంప్యూటర్లోనే స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు కదా వదినా?" అన్నాను. "అవన్నీ నాకెందుకమ్మా, మావాడుంటే వాడే తీసి పెట్టేవాడు. బెంగళూరు వెళ్ళిపోయాడుగా" అని నవ్వేశారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. "నాకూ రాదు" అని ఒకావిడ, "మావారు ఆ కంప్యూటర్ ముట్టుకోనివ్వరు" అని ఇంకొకావిడ. రాదని చెప్పడంలో తప్పేం లేదు. కానీ ఆ చెప్పడంలో కాస్త మురిపెం ఉంది చూశారా, అది నాకు మింగుడు పడలేదు. శనగలూ తాంబూలమూ పట్టుకుని ఇంటికొచ్చాక కూడా మింగుడు పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త ఘాటుగానే ఉంటుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఈ రోజుల్లో ఇంటి పనుల్లో సగం తెర మీదే జరుగుతున్నాయి. ఆ పనులు చేస్తున్నది చాలా ఇళ్ళల్లో మనమే. తెర మీద కనబడినదాన్ని పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని దాచుకోవడం మనకి రాకపోతే, పని మనది, సాక్ష్యం ఇంకొకరిది. అసలు సాక్ష్యమే లేకపోతే మాట మనది, నమ్మకపోవడం ఇంకొకరిది.

ఇది నేను ఊరికే అనడం లేదు. నలభై రెండున్నర వేలు పెట్టి నేర్చుకున్నాను.

2023 జూన్‌లో మా అమ్మాయి హాస్టల్ ఫీజు నేనే కట్టాను. రాత్రి తొమ్మిదయింది. ఆ పేజీ ఫోన్లో సరిగ్గా తెరుచుకోకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బ్యాంకు నుంచి డబ్బు వెళ్ళింది. "చెల్లింపు పూర్తయింది" అని ఒక పేజీ వచ్చింది, కింద పొడుగాటి నంబరు. రసీదు దింపుకునే బటన్ ఎక్కడా లేదు. మా అబ్బాయి ఎప్పుడో చెప్పినట్టు గుర్తు: ప్రింట్ స్క్రీన్ అని ఒక మీట ఉంటుంది, నొక్కితే ఫోటో పడుతుందని. నొక్కాను. తెర మీద ఏమీ మారలేదు. పడిందనే అనుకున్నాను. తర్వాత అమ్మాయి హాల్‌టికెట్ నంబరు ఒకచోట కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేసి, ఆ ఫారం కూడా పూర్తి చేసి, కంప్యూటర్ ఆపి, తృప్తిగా పడుకున్నాను.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఫోను. ఫీజు అందలేదట. కట్టామని చెబితే, "మా పేజీలో వచ్చిన నంబరు చెప్పండి" అన్నారు. కంప్యూటరంతా వెతికాను. ఎక్కడా లేదు. బ్యాంకు వాళ్ళని అడిగితే డబ్బు వెళ్ళిపోయిందన్నారు. మావారు వచ్చి నా వెనకాల నిలబడి ఒక్క మాటే అడిగారు: "అసలు చివరిదాకా చేశావా? మధ్యలో మూసేశావేమో." చేశానన్నాను. "మరి ఏదీ?" అన్నారు. ఏదీ లేదు.

గడువు దాటితే మంచం పోతుందని, చిట్టీ డబ్బులు తీసి రెండోసారి కట్టాం. బ్యాంకు నంబరు మీద ఆ మొదటి చెల్లింపుని వెతికి పట్టుకుని వెనక్కి ఇవ్వడానికి వాళ్ళకి నలభై రోజులు పట్టింది. డబ్బు తిరిగొచ్చింది. "మధ్యలో మూసేశావేమో" అన్న మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ నేను ఏదైనా కట్టడానికి కూర్చుంటే, "ఉండు, నేను చూస్తా" అని కుర్చీ లాక్కుంటారు. ఆయన చెడ్డవారేమీ కాదు. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటి పద్దు రాసినదాని చేతిలోంచి పని వెళ్ళిపోవడానికి ఒక్క రాత్రి చాలింది.

ఆ తర్వాతే కూర్చుని తెలుసుకున్నాను, ఆ రాత్రి నా ఫోటో ఏమయిందో.

ఆ మీటకి "ప్రింట్ స్క్రీన్" అని పేరెందుకంటే, ఒకప్పుడు అది నిజంగా ప్రింటే చేసేది. 1981లో ఐబీఎం వాళ్ళు తెచ్చిన పర్సనల్ కంప్యూటర్‌లో షిఫ్ట్‌తో కలిపి ఆ మీట నొక్కితే తెర మీద ఉన్నదంతా ప్రింటర్‌లోంచి కాగితంగా వచ్చేది. కాగితం చేతికొస్తే దాచడం ఎవరికి రాదు? విండోస్ వచ్చాక ఆ మీట పని మారింది. కాగితం లేదు, చప్పుడు లేదు. తెర బొమ్మని తీసి క్లిప్‌బోర్డ్ అనే చోట పట్టుకుని నిలబడుతుంది, అంతే. దాన్ని మనం ఎక్కడో ఒకచోట పేస్ట్ చేసి సేవ్ చేయాలి.

క్లిప్‌బోర్డ్ అంటే మన గుప్పిట అనుకోండి. పోపు డబ్బాలోంచి ఆవాలు గుప్పిట్లోకి తీసుకున్నారు. మూకుట్లో వేయకుండా అదే గుప్పిట్లోకి మెంతులు తీసుకోబోతే ఆవాలు కింద పడతాయి. నేను చేసింది అదే. హాల్‌టికెట్ నంబరు కాపీ చేసిన క్షణంలో నలభై రెండున్నర వేల రసీదు నేల పాలయింది. కంప్యూటర్ ఆపేసినా అంతే. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా?

ఇప్పుడు అసలు పని చెబుతాను. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే.

విండోస్ గుర్తున్న మీట పట్టుకుని ప్రింట్ స్క్రీన్ మీట నొక్కండి. తెర ఒక్క క్షణం మసకబారి మామూలవుతుంది. బొమ్మ తీయడమే కాదు, దాచడం కూడా అయిపోయింది. పిక్చర్స్ అనే ఫోల్డరు తెరిస్తే లోపల స్క్రీన్‌షాట్స్ అని ఇంకో ఫోల్డరు ఉంటుంది, అందులో ఉంటుంది మీ బొమ్మ. ఈ సదుపాయం విండోస్ 8 నుంచీ, అంటే 2012 నుంచీ ఉంది. నేను మొన్నటిదాకా ఎరగను. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్‌ఎన్ అనే మీట కూడా కలిపి పట్టుకోవాలి. మీ మీటల మీద ప్రింట్ స్క్రీన్ అని పూర్తిగా ఉండకపోవచ్చు, కుడివైపు పై వరసలో పొట్టి అక్షరాలతో ఉంటుంది.

తెరంతా వద్దు, ఒక్క ముక్క చాలనుకుంటే విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కండి. తెర నల్లబడుతుంది. కావలసిన భాగం చుట్టూ మౌస్‌తో గీత గీస్తే అది మాత్రం వస్తుంది. ఇక్కడే మెలిక. విండోస్ 11లో అయితే ఇది కూడా ఆ స్క్రీన్‌షాట్స్ ఫోల్డరులో పడుతోంది. విండోస్ 10లో అయితే గుప్పిట్లో మాత్రమే ఉంటుంది. మూలన వచ్చే చిన్న పెట్టె మీద నొక్కి సేవ్ చేస్తేనే దక్కుతుంది. మీ ఇంట్లో యాపిల్ కంప్యూటర్ ఉంటే కమాండ్, షిఫ్ట్, 3 నొక్కండి, బొమ్మ డెస్క్‌టాప్ మీదే కనబడుతుంది.

పేజీ పొడుగ్గా ఉండి తెరలో పట్టకపోతే కంట్రోల్, పి నొక్కి, ప్రింటర్ పేరు ఉండే చోట "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఎంచుకోండి. చాలా పేజీలకి పనిచేస్తుంది. పైగా అందులో నంబరుని వేలితో చూస్తూ టైపు చేయనక్కర్లేదు, కాపీ చేసుకోవచ్చు.

రసీదు కోసమైతే మాత్రం ముక్క తీయకండి, తెరంతా తీయండి. పైన సైటు చిరునామా, కింద మూలన తేదీ, టైము, మధ్యలో నంబరు, ఇవన్నీ ఒకే బొమ్మలో పడాలి. మూడు నెలల తర్వాత గుమాస్తా అడిగేవి సరిగ్గా ఆ మూడే.

ఇప్పుడు దాచడం. మీలో స్క్రీన్‌షాట్ తీయడం వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ తప్పిపోతారు. ఫోల్డరు తెరిస్తే స్క్రీన్‌షాట్ 1, స్క్రీన్‌షాట్ 2, అలా నూట ఎనభై దాకా. ఏది ఏదో తెలియదు. మూతల మీద పేర్లు లేని డబ్బాల అల్మరా అది. తీసిన వెంటనే పేరు మార్చండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆ పైన విషయం: "2024-11-06 అత్తయ్య లైఫ్ సర్టిఫికెట్". ఇలా రాస్తే కంప్యూటరే వాటిని తేదీల వరసలో పేరుస్తుంది. తెలుగులోనే పేరు పెట్టొచ్చు, ఏమీ అనదు. తేదీ మధ్య ఏటవాలు గీత మాత్రం విండోస్ ఒప్పుకోదు, అడ్డగీత పెట్టండి. ఫీజులకి ఒక ఫోల్డరు, కరెంటూ పన్నులకి ఒకటి, ఆస్పత్రికి ఒకటి, పెద్దవాళ్ళ పెన్షన్‌కి ఒకటి. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ.

ఇంత చెబితే మా తోడికోడలు అంది, "ఎందుకక్కా ఈ తతంగం? మెసేజీ వస్తుంది, మెయిల్ వస్తుంది కదా" అని.

ఎవరికొస్తుంది? ఒక్కసారి లెక్క చూసుకోండి. బ్యాంకు ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిది? కాలేజీ ఫారంలో తండ్రి ఫోన్ నంబరు అన్న గడిలో ఉన్నది ఎవరిది? గ్యాసు ఎవరి పేరు మీద, ఇంటిపన్ను ఎవరి పేరు మీద? మా ఇంట్లో కరెంటు మీటరు ఇప్పటికీ కాలం చేసిన మామగారి పేరు మీదే ఉంది. మనం కూర్చుని, వేళ్ళు నొప్పి పుట్టేలా నింపి, కట్టిన ప్రతిదానికీ రసీదు ఇంకొకరి జేబులో మోగుతుంది. వాళ్ళు మీటింగులో ఉంటారు. చూసి తీసేస్తారు, లేదా చూడనే చూడరు. తర్వాత ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసేది మాత్రం మధ్యాహ్నం పూట, ఇంట్లో ఉన్న మనకి. పని చేసినవాళ్ళ దగ్గరే ఉండిపోయే రసీదు ఒక్క స్క్రీన్‌షాటే. నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇంకొకరు అన్నారు, "స్క్రీన్‌షాట్లు దొంగవి కూడా చేస్తారు కదా, వాటికి విలువేముంది?" నిజమే. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకెళ్ళేవాళ్ళ బాధ ప్రతి కిరాణా కొట్టుకీ తెలుసు. ఎవరైనా మీకు డబ్బు పంపానని బొమ్మ చూపిస్తే నమ్మకండి, ఖాతాలో చూసుకోండి. స్క్రీన్‌షాట్ డబ్బుతో సమానం కాదు. అది దారపు కొస. ఆ కొస పట్టుకుంటేనే కండె దొరుకుతుంది. డబ్బు కోతపడి అవతలికి చేరకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి వేయాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. యూపీఐలో దుకాణానికి కట్టింది చేరకపోతే ఆ రోజు కాక ఐదు రోజుల్లోగా వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు ఇవ్వాలి. ఏ రోజు, ఏ నంబరు అన్నది చెప్పలేనివాళ్ళు ఆ రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు?

మూడో అభ్యంతరం కాస్త బరువైనది. "స్క్రీన్‌షాట్లే కదా కుటుంబాలు విడగొడుతున్నాయి" అంది మా పెద్దమ్మ. ఆవిడ మాట నేను కొట్టిపారేయను. ఆడపడుచు ఏదో విసుగులో రాసిన రెండు ముక్కలు స్క్రీన్‌షాట్ తీసి అత్తగారికి పంపడం, పంపి వేడుక చూడడం, అదొక రోగం. తమ్ముడు పెళ్ళాం నమ్మి చెప్పుకున్న కష్టం బంధువుల గ్రూపులో తిరగడం నేనూ చూశాను. నేను పెట్టుకున్న హద్దు ఇది: వ్యవహారాన్ని దాస్తాను, మనుషుల మాటల్ని దాచను. కోపంలో అన్న మాటని మర్చిపోయే వీలు ఎదుటివాళ్ళకి ఉండాలి.

ఈ హద్దుకి మినహాయింపు ఒకటుంది. మనల్నో మన ఆడపిల్లనో ఎవడైనా బెదిరిస్తూ, వేధిస్తూ రాస్తే అది మనుషుల మాట కాదు, నేరం. వెంటనే తెరంతా తీసి దాచండి, వాడి పేరు, తేదీ కనబడేలా. పరువు పోతుందని చెరిపేయకండి. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగే నేరాలకి వేరే విభాగమే ఉంది, ఫిర్యాదుకి ఈ బొమ్మలు జత చేయవచ్చు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. బొమ్మ తీశాం కదా అని అసలు మెసేజీ తీసేయకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటివి కోర్టుకి ఇచ్చేటప్పుడు వాటితో ఒక ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి అని ఇలాంటిదే ఉండేది. అంచేత అసలు మెసేజీ ఉన్న ఫోనూ, కంప్యూటరూ భద్రంగా ఉండాలి.

దాచకూడనివి కూడా చెప్పాలి. పాస్‌వర్డులు, ఏటీఎం కార్డు నంబర్లు, ఓటీపీలు తెర మీద ఉన్నప్పుడు మీట ముట్టుకోకండి. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్ అది. చాలా కంప్యూటర్లలో పిక్చర్స్ ఫోల్డరు దానంతటదే ఇంటర్నెట్‌లోని ఖాతాలోకి కూడా చేరుతూ ఉంటుంది, ఆ ఖాతా ఎవరిదో చూసుకోండి. ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని తీస్తే, కాపీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని అక్కడిది చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవండి.

స్క్రీన్‌షాట్‌ని తెలుగులో తెరపట్టు అని రాస్తున్నారు కొందరు. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, ఆ మాట నాకు నచ్చింది. పట్టు అన్నదాంట్లోనే ఉంది అంతా. పట్టు లేనివాళ్ళ మాటకి ఇంట్లో బరువుండదు.

మా అమ్మ మూడో తరగతి చదివింది. మా వంటింటి గుమ్మం పక్కన మేకుకి ఒక ఇనప తీగ వేలాడేది, కింద కొస వంకీ తిప్పి ఉండేది. పాల చీటీ, కరెంటు బిల్లు, కో-ఆపరేటివ్ బ్యాంకు రసీదు, అన్నీ దానికే గుచ్చేది. ఒకసారి బ్యాంకు వాళ్ళు వచ్చి ఒక వాయిదా కట్టలేదన్నారు. నాన్న తడబడ్డాడు. అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా తీగ దింపి, మధ్యలోంచి ఒక పచ్చ కాగితం లాగి వాళ్ళ చేతిలో పెట్టింది. "అవన్నీ నాకెందుకు" అని అమ్మ ఎప్పుడూ అనలేదు. మూడో తరగతి చదివిన అమ్మకి ఉన్న పట్టు, డిగ్రీ పట్టా ఉన్న నాకు లేకపోవడం నాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు పేరంటంలో నవ్విన మనందరికీ ఉండాలని నా కోరిక.

పోయిన ఏడాది చివర్లో అత్తయ్యగారి ఫ్యామిలీ పెన్షన్ ఒక నెల ఆగింది. లైఫ్ సర్టిఫికెట్ అందలేదన్నారు. ఫోన్ మావారి చేతిలో ఉంది. "ప్రమాణ్ ఐడి చెప్పండి" అని అవతలివాళ్ళు అడిగారు. ఆయన నా వైపు చూశారు. నేను పెన్షన్ ఫోల్డరు తెరిచి, నవంబరులో జీవన్ ప్రమాణ్ సైటులో తీసి దాచిన తెరపట్టు చూసి, ఒక్కొక్క అంకే చదివాను. ఆయన వాళ్ళకి అప్పచెప్పారు. పెన్షన్ మళ్ళీ వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆయన ఏమీ అనలేదు. కుర్చీ కూడా లాక్కోలేదు.

పక్క వీధి వదినగారి ఇంటికి రేపు మధ్యాహ్నం వెళుతున్నాను. ఆ మూడో ఎనిమిదో తేల్చాలి ముందు. తర్వాత ఆవిడ చేతే ఆ రెండు మీటలూ నొక్కించి, బొమ్మ ఎక్కడ పడిందో ఆవిడ చేతే వెతికించి వస్తాను. మీరు నా కోసం ఆగకండి. ఇది చదువుతున్నది కంప్యూటర్లో అయితే ఇప్పుడే ఒకసారి నొక్కి చూడండి. పేరు పెట్టడం మర్చిపోకండి.